అడిగినవాడు వెళ్ళిపోతాడు

మన ఫీల్డులో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటే తెలియనివాళ్ళు ఉండరు. ఆఫర్ లెటర్ వస్తుంది, ఒక ఫారం నింపుతాం, ఏదో ఏజెన్సీ తాలూకు మనిషి మన కాలేజీకీ, పాత కంపెనీకీ, ఇంటి అడ్రసుకీ వెళ్ళి అడిగొస్తాడు. చాలామందికి ఇది ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అనే మూడు రంగుల వ్యవహారం. మాది మణుగూరు. నా మొదటి ఉద్యోగం అప్పుడు ఒకతను బైకు మీద మా సింగరేణి క్వార్టర్ల లైన్లోకి వచ్చి, పక్కింటి పెద్దమ్మని పట్టుకుని, నా పేరు చెప్పి, "ఈ అబ్బాయి ఇక్కడే ఉంటాడా, ఎన్నేళ్ళ నుంచి, ఎలాంటివాడు" అని అడిగాడు. ఆవిడ నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి. "మాకేం తెల్వదు బిడ్డా" అని తలుపేసుకుంది. అతను లైను దాటాడో లేదో మా అమ్మ దగ్గరకొచ్చి, "చెల్లే, పెద్దోని గురించి ఎవడో అడిగిపోయిండు, పిలగాడు మంచిగనే ఉన్నడా?"

ఉద్యోగమైతే వచ్చింది లెండి :)

ఆఫీసులో చెబితే అందరూ నవ్వారు. కానీ ఆ పెద్దమ్మ వయసు వాళ్ళని అడిగి చూడండి. ఎనభైల్లో, తొంభైల్లో మా వైపు ఒక కుర్రాడి గురించి ఊరికి కొత్తవాడు వాకబు చేశాడంటే దానికి రెండే అర్థాలు. వచ్చినవాడు మఫ్టీలో ఉన్న పోలీసైనా అయి ఉండాలి, లేకపోతే అన్నల తాలూకు మనిషైనా అయి ఉండాలి. తెలుసు అని చెబితే ఒకరితో తంటా, తెలియదు అని చెబితే ఇంకొకరితో. ఏ జవాబు చెప్పినా, అడిగినవాడు బండెక్కి వెళ్ళిపోతాడు. చెప్పినవాళ్ళు మాత్రం ఆ ఊళ్ళోనే ఉండాలి.

ఈ ఒక్క విషయం పట్టుకుని మా అడవి చరిత్రని చదివితే చాలా సంగతులు కొత్తగా కనిపించాయి. సాధారణంగా మనం చరిత్రలో ఎవరు పాలించారు, ఎవరు తిరగబడ్డారు అని చదువుతాం. ఎవరు వచ్చి అడిగారు, ఏమడిగారు, ఆ తర్వాత ఏమైంది అని చదవం.

ముందు ఒక చిన్న తేడా చెప్పుకోవాలి. పోలీసు అడగడం వేరు, మామూలు మనిషి అడగడం వేరు. పోలీసులకి చట్టం ఉంది. పాత సీఆర్‌పీసీలో 160, 161 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 179, 180. దర్యాప్తు చేసే అధికారి సాక్షిని పిలిపించవచ్చు, అడిగినదానికి ఆ సాక్షి నిజం చెప్పాలి. తనని తానే నేరంలో ఇరికించుకునే జవాబు మాత్రం చెప్పనక్కర్లేదు. ప్రైవేటు మనిషికి ఇవేవీ లేవు. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌ల కోసం ప్రత్యేక చట్టమే లేదు. 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అంటే పెళ్ళి సంబంధాల ఎంక్వైరీ చేసే ఏజెన్సీ అయినా, మన వెరిఫికేషన్ కుర్రాడైనా, పరిశోధకుడైనా, హక్కుల సంఘం మనిషైనా చట్టం దృష్టిలో ఒకటే: దారినపోయే దానయ్య. ఎదుటివాడు "చెప్పను పో" అంటే నోరు మూసుకుని తిరిగి రావాలి. కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ అడిగితే అందరూ బుద్ధిగా జవాబు చెప్పేస్తారు. నిజంగా అలా ఎందుకు చెబుతారో నాకు చిన్నప్పుడే అర్థం కాలేదు.

సరే, అసలు విషయానికొద్దాం.

గోదావరికి మా వైపు (మణుగూరు, బూర్గంపహాడ్, పాల్వంచ) నైజాం రాజ్యం. అవతలి ఒడ్డు భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళాయి. కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాలో కలిశాయి. రెండు ఒడ్లనా ఉన్నది కోయలూ కొండరెడ్లే. మధ్యలో నది దాటితే సర్కారు మారిపోయేది, పన్ను మారిపోయేది.

1879 మార్చిలో రంప తిరుగుబాటు మొదలై ఆ ఏడాదే భద్రాచలం, రేకపల్లి వైపు కూడా పాకింది. సైన్యాన్ని పంపిన తర్వాత మద్రాసు సర్కారుకి ఒక సందేహం వచ్చింది: వీళ్ళకి అసలు బాధ ఏంటి? రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్‌ని విచారణకి పంపారు. కల్లు మీద మున్సబుదారు వేసిన పన్ను, దాన్ని అడ్డం పెట్టుకుని గుత్తేదార్లు చేసిన దోపిడీ, మైదానంలోని కోర్టుల్లో కొండవాళ్ళకి తెలియకుండా వచ్చే డిక్రీలు, ఆ డిక్రీలు చూపించి పశువుల్ని తోలుకుపోవడం, వీటన్నిట్లో పోలీసుల వాటా, అన్నీ బయటపడ్డాయి. మున్సబుదారుని తీసేశారు. రేకపల్లిలో గొడవ ఇంకొకటి. మద్రాసు కిందకి వచ్చాక పోడు మీద పన్ను పెంచేశారు, అడవిలో కొన్నిచోట్ల పోడే వద్దన్నారు.

సలివన్ పట్టుకున్నవేవీ ఎవరూ దాచిపెట్టిన రహస్యాలు కావు. కొండ మీద ప్రతి ఇంట్లో తెలిసినవే. అంతకుముందు ఎవరూ అడగలేదు, అంతే. అడగడానికి ఒక తిరుగుబాటు కావాల్సి వచ్చింది. అది మాత్రం సర్కారు విచారణ కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నా.

ప్రైవేటుగా అడిగినవాళ్ళలో మా వైపు మొదట కనిపించేది దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ. కోయల ఆచారాలు, భాష, పెళ్ళిళ్ళ గురించి ఆయన 1870ల నుంచి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో వ్యాసాలు రాశాడు. 1909లో థర్‌స్టన్ వేసిన దక్షిణ భారత కులాలూ తెగల సంపుటాల్లో కోయల గురించి ఉన్నదాంట్లో చాలాభాగం కెయిన్ సేకరించిందే. ఆయన వచ్చిన పని మతం, సందేహం లేదు. కానీ ఆయన అడిగి వెళ్ళిపోలేదు, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడు. ఆ తేడా ఆయన రాతల్లో తెలుస్తుంది.

ఇక హైమండార్ఫ్. ఈ పేరు ఆదిలాబాద్ వాళ్ళకి బాగా తెలుసు, మార్లవాయి వల్ల. మా గోదావరి వైపు ఆయన ముందే వచ్చాడన్నది తక్కువమందికి తెలుసు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఇండియాలో ఉన్నాడు. ఆస్ట్రియాని హిట్లర్ అప్పటికే కలిపేసుకున్నాడు కాబట్టి ఈయన పాస్‌పోర్టు జర్మనీది. అంటే ఇంగ్లీషువాళ్ళ లెక్కలో శత్రుదేశపు పౌరుడు. జైల్లో పెట్టకుండా హైదరాబాద్ సంస్థానంలో ఉండి పని చేసుకోమన్నారు. ఒకరకంగా విశాలమైన హౌస్ అరెస్టు. 1940లో నల్లమల చెంచుల దగ్గర, 1941లో పాపికొండల దగ్గర కొండరెడ్ల దగ్గర ఉన్నాడు. భార్య బెట్టీ వెంట ఉండేది. కొండరెడ్ల మీద పుస్తకం 1945లో వచ్చింది. మా ఊరి నుంచి గోదావరి వెంట దిగువకి, భద్రాచలం దాటాక కోయిదా, పేరంటాలపల్లి ఊళ్ళు ఆయన తిరిగినవి.

ఆయన వెళ్ళింది వంశవృక్షాలు, దేవుళ్ళు, పోడు పద్ధతులు రాసుకోవడానికి. కానీ రోజుల తరబడి ఒకే ఊళ్ళో ఉండి అడుగుతుంటే జనం తమకి కావలసినది చెబుతారు. కొండరెడ్లు చెప్పింది వెదురు కాంట్రాక్టర్ల గురించి. గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి వెదురు పంపే వ్యాపారం అది. నరికేది వీళ్ళు. ముందుగా బియ్యమో బట్టో అప్పుగా ఇస్తారు, లెక్క కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం వీళ్ళు చదవలేరు. ఎన్నాళ్ళు నరికినా బాకీ తీరదు. మానవశాస్త్రం రాద్దామని వచ్చినవాడు కూలి రేట్ల గురించి నిజాం సర్కారుకి నివేదిక రాసే పనిలో పడ్డాడు. ఆ నివేదికలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో అచ్చయ్యాయి. పాల్వంచ సంస్థానంలోని కొండరెడ్ల మీద రాసింది అందులో ఒకటి.

ఇక్కడ నాకు నచ్చే పాయింటూ, నచ్చని పాయింటూ రెండూ ఉన్నాయి. నచ్చేది: ఆయన అడిగినదాని భారం జవాబు చెప్పినవాళ్ళ మీద పెట్టి వెళ్ళిపోలేదు. తన పేరుతో, తన నోటితో సర్కారుకి చెప్పాడు. తర్వాత ఆయన్నే గిరిజన వ్యవహారాల సలహాదారుగా పెట్టుకున్నారు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళకి శిక్షణ మొదలైంది, వేల కుటుంబాలకి భూమి పట్టాలొచ్చాయి. నచ్చనిది: సర్కారు ఆయన మాట ఎందుకు విన్నదంటే, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ని చంపాక దానికి కాస్త భయం పట్టుకుంది కాబట్టి. మళ్ళీ అదే కథ. ముందు రక్తం, తర్వాత ప్రశ్న. పైగా ఆయన్ని పంపినదీ, ఆయనకి అనుమతి ఇచ్చినదీ ఆ సర్కారే. డెబ్భైల్లో ఆయన మళ్ళీ తిరిగి చూసి 1982లో ఇంకో పుస్తకం రాశాడు. తను పట్టాలిప్పించిన భూములు ఎలా చేతులు మారిపోయాయో అందులో ఉంది. ఇక కోయిదా, పేరంటాలపల్లి ఉన్న వేలేరుపాడు మండలం 2014లో ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళింది, పోలవరం ముంపు కోసం.

ఇప్పటిదాకా చెప్పినవాళ్ళంతా బయటివాళ్ళు. మన తెలుగువాళ్ళు, ఏ ప్రభుత్వమూ పంపకుండా, సొంత ఖర్చుతో బస్సెక్కి వెళ్ళి అడగడం అనేది ఒక పద్ధతిగా స్థిరపడింది ఎమర్జెన్సీ తర్వాత. 'నిజనిర్ధారణ' అనే మాట పేపర్లలో మనం ఎన్నోసార్లు చూసి పేజీ తిప్పేశాం. దాని వెనక కథ ఇది.

1975 జులై 25న, ఎమర్జెన్సీ పెట్టిన నెల రోజులకి, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో ఎన్‌కౌంటర్ జరిగిందనీ నలుగురు చనిపోయారనీ పోలీసులు ప్రకటించారు. వాళ్ళలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్ఈసీ విద్యార్థి. ఇప్పటి ఎన్ఐటీ. మనలో ఎంతమంది అక్కడ చదివి క్యాంపస్ ప్లేస్‌మెంట్లతో వచ్చామో గుర్తు చేసుకోండి. అప్పుడు ముఖ్యమంత్రి మా ఖమ్మం జిల్లా మనిషే, జలగం వెంగళరావు.

ఎమర్జెన్సీ పోయాక, 1977లో జయప్రకాశ్ నారాయణ్ ఒక కమిటీ వేశారు. బొంబాయి హైకోర్టు మాజీ జడ్జి తార్కుండే అధ్యక్షుడు, లాయరు కన్నబిరాన్ కన్వీనరు. సభ్యుల్లో ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నవకృష్ణ చౌధురి, మన కాళోజీ నారాయణరావు, ఎం.వి. రామమూర్తి, పత్రికల నుంచి బి.జి. వర్గీస్, అరుణ్ శౌరి. వీళ్ళు ఒకే సిద్ధాంతం వాళ్ళు కాదు. శౌరి తర్వాత వాజ్‌పేయి ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు, ఐటీ శాఖ కూడా చూశాడు. వీళ్ళకి ఎవరినీ పిలిపించే అధికారం లేదు. పోలీసులు జవాబు చెప్పాల్సిన పని లేదు. ఊళ్ళు తిరిగి, జనాన్ని అడిగి, వాంగ్మూలాలు రాసుకుని తేల్చింది ఇది: నలుగురినీ ముందే పట్టుకున్నారు, చెట్లకి కట్టి కాల్చారు. నివేదికని ప్రధాని మొరార్జీ దేశాయ్ ప్రభుత్వానికి పంపారు.

అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి భార్గవతో కమిషన్ వేసింది. అంటే ప్రైవేటుగా అడిగిన ప్రశ్న సర్కారీ ప్రశ్న అయింది. బహిరంగ విచారణలో కన్నబిరాన్ పోలీసుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేయడం మొదలుపెట్టాడు. పేపర్లలో రోజూ రావడం మొదలైంది. అంతలో విచారణ ఇకనుంచి రహస్యంగా జరగాలని ప్రభుత్వం అన్నది. తార్కుండే కమిటీ ఒప్పుకోలేదు, బయటకొచ్చేసింది. ఆ విచారణ అలా మధ్యలోనే పోయింది.

తర్వాత రెండు మూడు దశాబ్దాలు ఆ పని ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసింది. బాలగోపాల్ 1983 నుంచి పదిహేనేళ్ళు దానికి ప్రధాన కార్యదర్శి. ఆయన చదివింది గణితం, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. నిజనిర్ధారణ నివేదికలు చదివితే అందులో ఒక పద్ధతి కనిపిస్తుంది. మనకి డీబగ్గింగ్ అలవాటే కాబట్టి ఆ భాషలోనే చెబుతా. యూజర్ని "మా సాఫ్ట్‌వేర్ తప్పా?" అని అడిగితే ఏం లాభం? ఏ బటన్ నొక్కారు, ఎన్ని గంటలకి, స్క్రీన్ మీద ఏం వచ్చింది అని అడగాలి. ఇక్కడా అంతే. "బూటకపు ఎన్‌కౌంటరేనా?" అని అడగకూడదు. మా వైపు చదువుకున్నవాడిలా కనిపించే మనిషి అలా అడిగితే "అంతే సార్" అంటారు. పోలీసు అదే ప్రశ్న తిప్పి అడిగినా "అంతే సార్" అనే అంటారు. ఆ రోజు పశువుల్ని ఎవరు తోలుకెళ్ళారు, జీపు ఎటునుంచి వచ్చింది, తుపాకీ మోత కోడి కూయకముందా తర్వాతా, పంచనామా మీద సంతకం పెట్టినవాళ్ళు శవాన్ని ఎక్కడ చూశారు, ఇవీ అడగాల్సినవి. పక్క ఊళ్ళో ఇంకొకరిని విడిగా అవే అడగాలి. తర్వాత ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు పక్కన పెట్టి చూడాలి. టైమ్‌స్టాంపులు కలవకపోతే అక్కడ ఏదో ఉంది.

కోయ ఊళ్ళలో దీనికి ఇంకో చిక్కు. భాష. ప్రశ్న తెలుగులో బయల్దేరి కోయలోకి వెళ్ళి, జవాబు కోయలో బయల్దేరి తెలుగులోకి వస్తుంది. మధ్యలో చెప్పేవాడు ఎవరు? ఆ ఊరి పంతులా, సర్పంచా, సంఘం మనిషా? అతని ముందు ఆ ముసలాయన ఏం చెప్పగలడు? రిపోర్టులో దుబాసీ గురించి ఒక్క ముక్క లేకపోతే ఆ రిపోర్టుని నేను సగమే నమ్ముతా.

అడిగినందుకు మూల్యం అడిగినవాళ్ళూ కట్టారు. వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథం, పౌరహక్కుల సంఘం నాయకుడు, 1985 సెప్టెంబరు 3న తన క్లినిక్‌లోనే హత్యకి గురయ్యాడు. 2000లో హైదరాబాద్‌లో లాయరు పురుషోత్తం, 2001లో నల్గొండలో ఆజం అలీ. ఇంకోవైపు, అన్నలు చేసిన హత్యల గురించీ అంతే గట్టిగా అడగాలా వద్దా అనే వాదన సంఘం లోపలే వచ్చింది. అడగాల్సిందే అన్న బాలగోపాల్, మరికొందరూ బయటకొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. నా ఓటు ఈ విషయంలో బాలగోపాల్‌కే. ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి చంపిన కోయవాడి ఇంటికి వెళ్ళి అడగని కమిటీ, ఇంకో ఇంటికి వెళ్ళి అడిగింది కూడా తేలికైపోతుంది. కామెంట్లలో తిట్టేవాళ్ళు తిట్టండి, చదువుతా.

ఇంతా చేస్తే ఏమొచ్చింది అనేవాళ్ళకి: జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు ఈ సంఘం ఇచ్చిన ఫిర్యాదు మీద విచారణ జరిగి, ఆ తీర్మానం ఆధారంగా 1997 మార్చి 29న కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకీ ఎన్‌కౌంటర్ మరణాల్లో ఏం చెయ్యాలో చెబుతూ లేఖ రాశారు. ఎన్‌కౌంటర్ చేసిన స్టేషన్ వాళ్ళే దర్యాప్తు చేసుకోకూడదు, సీఐడీ లాంటి స్వతంత్ర సంస్థకి ఇవ్వాలి అన్నది అందులో ఉంది. 2014లో సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అది ఉంది. తెలంగాణ పల్లెల్లో "జీపు ఎటునుంచి వచ్చింది" అని అడిగిన ప్రశ్న దేశం మొత్తానికి ఒక నియమం అయింది. అమలు సంగతి వేరే టపా.

చివరగా మా సరిహద్దు అవతలి కథ. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. దంతెవాడ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరు క్యాంపుల్లోకి, కొందరు అడవిలోకి, చాలామంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. మేం గుత్తికోయలు అనేది వాళ్ళనే. 2006 మేలో ఆరుగురు దంతెవాడ వెళ్ళారు: రామచంద్ర గుహ, నందినీ సుందర్, ఫరా నక్వీ, హరివంశ్, విశాఖకి చెందిన రిటైర్డ్ ఐఏఎస్ ఇ.ఎ.ఎస్. శర్మ, ఇంకా బి.జి. వర్గీస్. అవును, 1977లో తార్కుండే కమిటీలో ఉన్న వర్గీసే. భైరంగఢ్‌లో సల్వాజుడుం మనుషులు వాళ్ళని అడ్డగించారు. అయినా రెండు వైపుల వాళ్ళనీ అడిగి నివేదిక రాశారు. నందినీ సుందర్, గుహ, శర్మ 2007లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2011 జులై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పిచ్చారు. గిరిజన కుర్రాళ్ళకి తుపాకులిచ్చి ఎస్పీఓలుగా మావోయిస్టుల మీదకి పంపడం రాజ్యాంగ విరుద్ధం, ఆపండి అన్నారు.

ఆ గుత్తికోయలు చాలామంది ఇప్పటికీ భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అడవుల్లోనే ఉన్నారు, మణుగూరు చుట్టుపక్కల కూడా. మిరప చేలకి కూలికి వస్తారు. వాళ్ళని అడిగేవాళ్ళకి కొదవలేదు. ఫారెస్టు వాళ్ళు, పోలీసులు, ఎన్జీఓలు, యూనివర్సిటీ పిల్లలు ట్యాబులు పట్టుకుని. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇక్కడికి ఎప్పుడొచ్చారు? అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉన్నవాళ్ళకే పట్టా. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. హక్కుల కమిటీ వచ్చి "ఊరు ఎప్పుడు తగలబడింది, ఎప్పుడు పారిపోయి వచ్చారు" అని అడిగితే 2006 అనేది నిజమైన జవాబు, కోర్టులో పనికొచ్చే జవాబు. అదే ఊళ్ళో, అదే మనిషిని, పోడు సర్వే వాళ్ళు అడిగితే అదే నిజమైన జవాబుతో ఆయన చేను పోతుంది.